షుల్టర్ అంటే భుజం

మార్కెట్ వెనక సందులోని డ్రై క్లీనింగ్ షాపులో కౌంటర్ దగ్గర కూర్చునే ఆవిడను అందరూ జర్మన్ మాస్టారి భార్యగానే ఎరుగుదురు. ఇచ్చిన కోటును తిప్పి చూసి, కాలరుకు నంబరు చీటీ గుచ్చి, మరక ఉన్నచోట సుద్దతో సున్నా చుట్టి, వెనక ఆవిరి గదిలోకి పంపడం ఆవిడ పని. నవ్వకుండా మాట్లాడి ఎదుటివాళ్ళను నవ్వించే మనిషి. ఒకాయన ప్యాంటు తెచ్చి, ఇదేం మరకో తెలియడం లేదంటే, మీకే తెలియకపోతే ఇంట్లోవాళ్ళకు అసలు చూపించకండి అనేసి చీటీ రాసిచ్చేది.

మాస్టారు టైర్ల కొట్టు మీది మేడగదిలో జర్మన్ నేర్పేవారు. కుర్రతనంలో ఓ యంత్రాల కంపెనీలో పని చేస్తుండగా, మిషన్లు బిగించడానికి వచ్చిన జర్మన్ ఇంజనీరు దగ్గర నాలుగు మాటలు పట్టుకున్నారు. ఆ తర్వాత ఆ భాషే ఆయన్ను పట్టుకుంది. ఆ దేశం మాత్రం ఎన్నడూ చూడలేదు. పెళ్ళయిన కొత్తలో క్లాసు ఇంటి ముందుగదిలోనే జరిగేది. మధ్యలో ఒక కర్టెన్. ఇవతల ఆవిడ కూరలు తరుగుతుంటే, అవతల ఆయన ప్రతి కొత్త బ్యాచికీ ఒకటే ఉపన్యాసం. ఈ భాష వస్తే నర్సులకు ఆస్పత్రులున్నాయి, మెకానిక్కులకు ఫ్యాక్టరీలున్నాయి, చదువుకునేవాళ్ళకు యూనివర్సిటీలున్నాయి. ఇవేవీ అక్కర్లేనివాళ్ళకు కూడా బుర్రలో ఇంకో కిటికీ తెరుచుకుంటుంది. అందరూ వెళ్ళిపోయాక ఆవిడ కర్టెన్ తీసి, కిటికీల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ తలుపు గడియ బాగుచేయించండి అనేది.

ఒకసారి ఆయన ఆవిడకూ నేర్పబోయారు. ఆ భాషలో బల్ల మగది, తలుపు ఆడది అని మొదలుపెట్టారు. బల్ల మగదెలా అవుతుందండీ, ఇంట్లో ఉన్నవన్నీ మోసేది అదేగా అని ఆవిడ పడీ పడీ నవ్వింది. ఆయనకు మనసు చిన్నబోయింది. మళ్ళీ ఎప్పుడూ ఆ ప్రయత్నం చేయలేదు. వాళ్ళిద్దరి మధ్యా అదొక మూసిన గదిలా ఉండిపోయింది. ఆయన రోజూ అందులోకి వెళ్ళొచ్చేవారు, ఆవిడ బయట ఉండేది. అదేం పెద్ద లోటుగా ఇద్దరికీ తోచలేదు. మాస్టారు చెడ్డవారు కాదు. తిట్టలేదు, కొట్టలేదు. అలాగని పక్కన కూర్చుని కబుర్లు చెప్పిందీ లేదు. కూతురిని పెంచారు, పెళ్ళి చేశారు, రోజులు గడిచాయి.

బోర్డు మీద రాస్తూ రాస్తూ ఆయన పడిపోయారు. చేతిలో సుద్దముక్క జారిపోయిందని, దాన్ని తీసుకోబోయి కుడిపక్కకు ఒరిగిపోయారని పిల్లలు చెప్పారు. క్లాసులో సగంమంది నర్సులే కావడంతో పక్షవాతమని వెంటనే గుర్తుపట్టి ఆస్పత్రికి చేర్చారు. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. నోరు పక్కకు లాగేసింది. మాట పూర్తిగా పడిపోయింది.

ఇంటికి తెచ్చాక మెల్లగా ఏదో అనడం మొదలుపెట్టారు. ముద్దగా, తడబడుతూ, ఒక్క మాటా తెలుగులా ఉండేది కాదు. మాటలు కలగాపులగమవుతాయని, కొన్నాళ్ళకు సర్దుకుంటాయని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. వీళ్ళేం చెప్పినా ఆయన వీళ్ళ పెదాల వంక చూసేవారు తప్ప, అర్థమైన జాడ ఉండేది కాదు. కూతురు తన ఇల్లు వదిలి వచ్చి, తల్లికి సాయంగా ఉంది. అల్లుడు రోజూ పొద్దున వచ్చి, మామగారిని మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టి తన పనికి వెళ్ళేవాడు.

మాస్టారు ఎక్కువగా అనే మాటలు రెండు. ఒకటి "వసా" అన్నట్టు వినిపించేది. వసారాలోకి తీసుకెళ్ళమంటున్నారు కాబోలని కుర్చీని వసారాలోకి తోసేవాళ్ళు. అక్కడ ఎండ పడేది. ఆయన ఇంకా గట్టిగా "వసా, వసా" అని, ఎడమ చేత్తో కుర్చీని కొట్టేవారు. వసారాలోనే ఉన్నావుగా నాన్నా అని కూతురు నచ్చచెప్పేది. రెండో మాట షట్టర్. క్లాసు మెట్ల దగ్గర ఇనప షట్టర్ ఒకటి ఉంది. అది వేశారో లేదోనని బెంగ పెట్టుకున్నారనుకున్నారు. అల్లుడు పనిగట్టుకుని వెళ్ళి చూసి వచ్చి, షట్టర్ వేసే ఉంది మామయ్యా, తాళం కూడా వేశానని తాళంచెవి చూపించాడు. మాస్టారు ఆ తాళంచెవిని చూసి ఏడ్చారు.

పొద్దున ఆయన్ను లేపేటప్పుడు ఆ మాట మరీ ఎక్కువయ్యేది. ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని, షట్టర్ షట్టర్ అని అరిచేవారు. చచ్చుబడిన చేతిని చూసుకుని కుమిలిపోతున్నారని అల్లుడికి జాలి వేసి, ఇంకాస్త ఆప్యాయంగా, ఆ చంక కింద చెయ్యి వేసి, గట్టిగా పైకి లాగి నిలబెట్టేవాడు.

అది జర్మన్ అని కనిపెట్టింది ఆవిడే. ఒక ఉదయం మాత్రలు ఒక్కొక్కటే ఆయన ఎడమ అరచేతిలో పెడుతోంది. ఆయన వాటిని చూస్తూ గొణిగారు. "ఐన్స్... త్స్వై... ద్రై..." ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఆ మూడు మాటలూ కర్టెన్ అవతలి నుంచి ఎన్ని బ్యాచిల మొదటిరోజున విన్నదో! అర్థం తెలియకపోయినా, పక్కింటి రేడియోలో వచ్చే పాటలా ఆ వరస ఆవిడకు కంఠతా వచ్చు.

కూతురికి చెబితే నమ్మలేదు. డాక్టరుకు ఫోను చేస్తే ఆయన, అరుదుగా అలా జరుగుతుందన్నాడు. పుట్టినప్పటి భాష ఉన్న చోటు దెబ్బతిని, తర్వాత నేర్చుకున్నది మిగలవచ్చట. ఎందుకలా అని అడిగితే, మాకూ సరిగ్గా తెలియదమ్మా అన్నాడు.

ఆ సాయంత్రం ఆవిడ కౌంటర్ మూసి నేరుగా టైర్ల కొట్టు మీదికి ఎక్కింది. మాస్టారి శిష్యురాలు, ఆస్పత్రిలో నర్సుగా చేస్తూ వీసా కోసం ఎదురుచూస్తున్న అమ్మాయి, ఆయన పడిపోయినప్పటి నుంచి క్లాసు ఆగిపోకుండా తనే నడుపుతోంది. పాఠం మధ్యలో ఆవిడ గుమ్మంలో నిలబడేసరికి ఏం జరిగిందోనని అందరూ లేచారు.

"ఏం లేదమ్మా, కూర్చోండి. రెండు మాటలు అడిగి వెళ్ళిపోతాను. వసా అంటే ఏంటి?"

నర్సమ్మాయి మాటను నోట్లో ఓసారి తిప్పుకుంది. "వాసర్ ఏమో పిన్నిగారూ. నీళ్ళు."

ఆవిడకు ఎండలో కుర్చీ కళ్ళముందు మెదిలింది. దాహం దాహమని అరిచే మనిషిని నెల రోజులపాటు ఎండలోకి తోసి, వసారాలోనే ఉన్నావుగా అన్నారు.

"షట్టర్ అనో, షుల్టా అనో... చెయ్యి పట్టుకుని అంటారు."

ఆ అమ్మాయి తన కుడి భుజం మీద చెయ్యి వేసుకుంది. తర్వాత మెల్లగా, "షుల్టర్. భుజం, పిన్నిగారూ. ఆయన్ని ఎవరు లేపుతున్నారు? ఎలా లేపుతున్నారు?" అని అడిగింది.

మర్నాడు ఎముకల డాక్టరు చూసి, భుజం కీలు గూట్లోంచి జారిపోయిందన్నాడు. చచ్చుబడిన చేతిని పట్టుకుని లాగితే అంతేనట. చాలా రోజులై ఉంటుంది, నొప్పి విపరీతంగా ఉండి ఉంటుంది, మీకు చెప్పలేదా అని అడిగాడు. అల్లుడు గోడవైపు తిరిగాడు. ఆ రోజు నుంచి అతను మామగారిని ముట్టుకోలేకపోయాడు. రోజూ వచ్చేవాడు, మందులు తెచ్చేవాడు, గుమ్మం దగ్గరే నిలబడి వెళ్ళిపోయేవాడు. భుజానికి పట్టీ కట్టారు గానీ, అది మళ్ళీ మునుపటిలా కాలేదు.

ఆవిడ క్లాసులో చేరింది. ఇరవైల్లో ఉన్న పిల్లల మధ్య, ముందు బెంచీలో, కళ్ళజోడు పెట్టుకుని కూర్చునేది. నేర్చుకున్న మాట వెంటనే ఇంట్లో అవసరం పడేది కాబట్టి మరిచిపోయే వీలు లేదు. నీళ్ళు, నొప్పి, చలి, బాత్రూము, ఆకలి, దుప్పటి. పిల్లలు రైల్వే స్టేషనులో టికెట్టు ఎలా అడగాలో వల్లె వేస్తుంటే, అది మనకొద్దులే అని ఆవిడ ఆ పేజీ తిప్పేసేది. షాపులో కోట్లకు చీటీలు గుచ్చుతూ రంగుల పేర్లు చెప్పుకునేది. బల్ల మగది, తలుపు ఆడది అని పాఠం వచ్చిన రోజు మాత్రం ఆవిడ నవ్వలేదు. తలవంచుకుని రాసుకుంది.

మొట్టమొదట పూర్తిగా నేర్చుకున్న వాక్యం, నొప్పిగా ఉందా అన్నది. క్లాసులో నర్సులు రోజూ అనేదే. ఇంటికెళ్ళి, మంచం పక్కన కూర్చుని, తప్పు లేకుండా అంది. మాస్టారు ఆవిడను చాలాసేపు చూశారు. తర్వాత ముఖం గోడవైపు తిప్పుకున్నారు. మర్నాడూ అంతే. ఆవిడకు ఏం తప్పు జరిగిందో తెలియలేదు.

నర్సమ్మాయికి చెబితే ఆ అమ్మాయి నవ్వబోయి ఆగింది. "అది మేం పేషెంట్లను అడిగేది పిన్నిగారూ. అందులో 'జీ' అంటే మీరు. ఇంట్లోవాళ్ళను 'దూ' అనాలి. నువ్వు."

"ఆయన్ని నేనెప్పుడూ నువ్వు అనలేదమ్మా."

"ఆ భాషలో మొగుడూ పెళ్ళాం మీరు అనుకుంటే, విడిపోయినట్టే."

ఆవిడకు ఆ ఒక్క మాట నోరు తిరగడానికే వారం పట్టింది. షాపులో ఆవిరి గదిలోకి వెళ్ళి, వేలాడుతున్న కోట్లతో అని చూసుకునేది. అన్న ప్రతిసారీ ఎవరైనా విన్నారేమోనని తలుపు వైపు చూసేది. చివరికి ఒక సాయంత్రం గంజి తాగిస్తూ, చెంచా వంకే చూస్తూ, దూ అంది. నొప్పిగా ఉందా నీకు. మాస్టారి నోరు ఎడమపక్క మాత్రమే కదులుతుంది. ఆ సగం నోటితో నవ్వారు. ఉందని చెప్పారు. ఎక్కడో చెప్పారు. ఆవిడ దిండు సర్ది, ఇప్పుడో అని అడిగింది. తగ్గిందని చెప్పారు.

ఆ తర్వాత కొన్ని నెలలు వాళ్ళు మాట్లాడుకున్నారు. గొప్ప మాటలేం కావు. ఆవిడకు వచ్చినవే కొన్ని, ఆయనకు మిగిలినవి ఇంకా కొన్ని. వర్షం వస్తోంది, టీ వేడిగా ఉంది, నీ చేతులు చల్లగా ఉన్నాయి. ఆవిడ బల్లను ఆడదాన్ని చేసేస్తే ఆయన కళ్ళు మూసుకుని, మాస్టారులాగే, వద్దు వద్దని తల ఊపేవారు. కూతురు పక్కగదిలోంచి వింటూ, అమ్మ నాన్నను నువ్వు అంటోందన్న సంగతి కూడా తెలియక, తన పని తాను చేసుకునేది. ఒకరోజు ఆవిడ షాపు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, మాస్టారు మంచం మీంచి ఓ చిన్న వాక్యం అన్నారు. అలసిపోయావా? అంతే. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి వెలిగించకుండా కాసేపు నిలబడింది. తెలుగులో ఆయన ఆ మాట ఎన్నడూ అడిగి ఉండలేదు.

నర్సమ్మాయికి వీసా వచ్చి వెళ్ళిపోయింది. మిగిలిన నలుగురైదుగురూ ఫోనులో పాఠాలు పెట్టుకుని, ఆ గదిలోనే తమకు తామే చదువుకోసాగారు. ఆవిడా వెళ్తూనే ఉంది.

అప్పుడే మాస్టారికి మింగుడు పడటం మానేసింది. గంజి పొరబోయేది. దగ్గు, ఆ వెంటనే జ్వరం. ఊపిరితిత్తుల్లోకి దిగిందని ఆస్పత్రిలో చేర్చారు. జ్వరం కాస్త తగ్గాక డాక్టరు తల్లీకూతుళ్ళను కూర్చోబెట్టి చెప్పాడు. ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేయాలి. వేస్తే కొన్నాళ్ళు నడుస్తుంది, ఎన్నాళ్ళో చెప్పలేను. వేయకపోతే మళ్ళీ ఇదే జరుగుతుంది. కూతురు వేయండి అంది. మధ్యాహ్నం వేద్దామని అనుకున్నారు. కూతురు కావలసిన మందులు తేవడానికి కిందికి వెళ్ళింది.

గదిలో ఇద్దరే మిగిలారు. అడగకుండా వేయించడం ఆవిడకు మనసొప్పలేదు. గొట్టాన్ని ఆ భాషలో ఏమంటారో తెలియదు. వేలిని ముక్కు దగ్గర పెట్టి, గొంతు మీదుగా పొట్ట దాకా జరిపి చూపించి, తిండి, ఇలా, డాక్టరు, అని వచ్చిన మాటలు పేర్చి అడిగింది. మాస్టారు ఆ వేలినే చూశారు. తర్వాత ఆవిడ ముఖంలోకి చూశారు.

"నైన్," అన్నారు. వద్దు. ఊపిరి తీసుకుని, "నాఖ్ హౌజె," అన్నారు. ఇంటికి. కళ్ళు మూసుకున్నాక ఇంకో మాట అన్నారు. "గెనూగ్." చాలు.

కూతురు వచ్చాక ఆవిడ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కూతురు మందుల కవరు మంచం మీద పెట్టి, "నాన్న అదే అన్నాడా, నీకలా అనిపించిందా?" అని అడిగింది. అదే అన్నారంది తల్లి. కూతురు ఫోను తీసి, తర్జుమా చేసే యాప్ పెట్టి తండ్రి నోటి దగ్గర ఉంచింది. ఆయన ఏదో అన్నారు గానీ, ఆ ముద్ద మాటను ఫోను పట్టుకోలేకపోయింది. నర్సమ్మాయికి వీడియో కాల్ చేశారు. తెర మీద ఆ అమ్మాయి, మాస్టారూ మాస్టారూ అని పిలిచి, ఆ భాషలో పలకరించింది. అప్పటికి ఆయన మగతలోకి జారుకున్నారు. కళ్ళు తెరిచి తెరను చూశారు, అంతే.

డాక్టరు, నిర్ణయం మీదే అన్నాడు. ఆవిడ గొట్టం వద్దని సంతకం పెట్టింది. కూతురు పెట్టలేదు.

ఇంటికి తెచ్చాక ఆయన వారం కూడా ఉండలేదు. మాటలు రాలేదు. ఆవిడ పక్కన కూర్చుని, వర్షం వస్తోంది, దుప్పటి వెచ్చగా ఉంది, నేనిక్కడే ఉన్నాను అని తనకు వచ్చినవన్నీ చెబుతూ ఉంది. ఒక మిట్టమధ్యాహ్నం, పెదాలు తడుపుదామని దూది తీసుకుని వచ్చేసరికి, ఊపిరి లేదు.

అందరూ వచ్చి వెళ్ళాక కూతురు తన బట్టలు సర్దుకుంటూ ఒక్క మాట అంది. "నీకొచ్చిన నాలుగు ముక్కలతో నాన్నను పంపించేశావమ్మా." అరవలేదు, ఏడవలేదు. మామూలుగానే అంది. ఆవిడ కూతురి సంచికి జిప్పు వేసి ఇచ్చింది. ఆ తర్వాత ఆయన అన్న మాటలను ఒక్కొక్కటే తిప్పి చూసుకుంది. నైన్ అంటే వద్దు, అందులో అనుమానం లేదు. ఇంటికి అన్నది ఆస్పత్రిలో ఎవరైనా అనే మాటే. కానీ గెనూగ్? టీ ఇంకో గుక్క పట్టబోతే అనేవారు. దిండు ఇంకాస్త ఎత్తబోతే అనేవారు. చాలు. బతుకు చాలన్నారా, నీ ప్రశ్నలు చాలన్నారా? అసలు ఆ వేలు చూపించి అడిగింది ఆయనకు అర్థమయ్యే ఉంటుందా? తను ఇంకో ఏడాది ముందు మొదలుపెట్టి ఉంటే గొట్టం అనే మాట వచ్చి ఉండేది. పెళ్ళయిన కొత్తలోనే మొదలుపెట్టి ఉంటే అన్నీ వచ్చి ఉండేవి.

నర్సమ్మాయికి ఫోను చేసి అడిగింది. ఆ అమ్మాయి, "నేను అక్కడ లేను కదా పిన్నిగారూ. ఉన్నది మీరే," అంది.

ఆవిడ క్లాసుకు వెళ్ళడం మానలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆవిడకు వచ్చింది ఒక్క వర్తమాన కాలమే. జరిగిపోయినది చెప్పడం ఆయన పోయాక వచ్చిన పాఠం. ఆ పాఠం రోజున, ఒక్కొక్కరూ సొంతంగా ఓ వాక్యం చెప్పాలి. ఒకరు సినిమా చూశామన్నారు, ఒకరు బస్సు తప్పిపోయిందన్నారు. ఆవిడ వంతు వచ్చేసరికి, నాకు దాహం వేసింది అని పుస్తకంలో ఉన్న వాక్యమే చదివి కూర్చుంది.

ఇప్పుడు ఆ గదికి కొత్తవాళ్ళు వస్తుంటే, మొదటి పది పాఠాలూ ఆవిడే చెబుతోంది. ఉపన్యాసం ఇవ్వదు. ఈ భాష నేర్చుకుంటే లాభమేంటని ఓ మెకానిక్కు అడిగితే, ఎవరికి ఎప్పుడు పనికొస్తుందో ముందే తెలియదు బాబూ, వచ్చింది వచ్చినట్టు నేర్చుకో అంది. శరీర భాగాల పాఠం మాత్రం మొదటి రోజే చెబుతుంది. పుస్తకంలో అది ఎక్కడో వెనకుంటుంది.

కూతురు చాలాకాలం రాలేదు. మొన్నీమధ్య ఒకసారి షాపుకు వచ్చింది. మొగుడి కోటు కౌంటర్ మీద పెట్టింది. ఆవిడ దాన్ని తిప్పి చూసి, సున్నా చుట్టి, చీటీ రాసింది. కూతురు చీటీ తీసుకుని కూడా కదలలేదు.

"ఆ రోజు నాన్న అన్నది, ఆయన అన్నట్టే అను."

ఆవిడ పెన్ను పక్కన పెట్టింది. చుట్టూ ఓసారి చూసి, అంది. ఆయన ఎక్కడ ఊపిరి తీసుకున్నారో అక్కడ ఆగి, చివరి మాటను ఆయనలాగే కిందికి దించి అంది.

"మళ్ళీ అను."

మళ్ళీ అంది. కూతురు తల వంచుకుని విన్నది. కోటు ఎప్పుడిస్తావని అడిగింది. ఎల్లుండి రమ్మంది తల్లి. వెనక నిలబడినాయన తన మూట కౌంటర్ మీదికి జరిపాడు.